పాత ఫోర్కు, కొత్త స్టెమ్: చెన్నైలో 22.2 క్విల్ అడాప్టర్ కొనొచ్చా?

సైకిలు ముందు చక్రాన్ని పట్టుకునేది ఫోర్కు, దానికి హ్యాండిల్‌ను కలిపే ముక్క స్టెమ్. పాత ఫోర్కుకు కొత్త రకం స్టెమ్ పట్టించే ఈ అడాప్టర్‌ను ఆన్‌లైన్‌లో "త్రెడ్ ఫోర్కును త్రెడ్‌లెస్ చేసే కిట్" అని అమ్ముతున్నారు. అందులో సగమే నిజం. ఈ అడాప్టర్ ఫోర్కును ఏమీ చేయదు. మరలున్న ఫోర్కు మరలతోనే ఉంటుంది, ఫోర్కు తిరిగే గోళీల అమరిక, అంటే హెడ్‌సెట్, పాతదే, దాన్ని పైనుంచి బిగించి ఉంచే చెక్‌నట్టూ పాతదే. ఫోర్కు గొట్టంలోకి దిగి ఉండే పాత క్విల్ స్టెమ్ బయటికొచ్చేసి, ఆ రంధ్రంలోకి జానెడు అల్యూమినియం గొట్టం దిగుతుంది. దాని కింది భాగం 22.2 మి.మీ., పై భాగం 28.6 మి.మీ. ఆ పై భాగానికి ఇప్పుడు దుకాణాల్లో దొరికే మామూలు స్టెమ్ ఏదైనా పట్టుకుంటుంది. అంతే.

ఆ "అంతే" కోసమే కొనేవాళ్లకు ఐదుకు నాలుగు మార్కులిచ్చే సరుకు ఇది. హ్యాండిల్ ఊగకుండా గట్టిపడుతుందనో, బరువు తగ్గుతుందనో కొంటే రెండు కూడా ఎక్కువే. అడాప్టర్, స్టెమ్ కలిపి తూచితే పాత అల్యూమినియం క్విల్ స్టెమ్ కన్నా బరువే తూగుతాయి.

మరి లాభం ఎక్కడ? పాత స్టెమ్ పొడవు సరిపోకపోతే అదే కొలతల పద్ధతిలో ఇంకో క్విల్ స్టెమ్ వెతకడం ఇప్పుడు తలనొప్పి. 1990ల మొదట్లో డయా-కాంపే కంపెనీ ఎహెడ్‌సెట్ (మరలు లేని ఫోర్కుకు పట్టే హెడ్‌సెట్) వచ్చాక పరిశ్రమ మొత్తం మెల్లగా త్రెడ్‌లెస్ వైపు మళ్లింది. 60, 80, 90, 110 మి.మీ. పొడవుల్లో, రకరకాల కోణాల్లో స్టెమ్‌లు ఇప్పుడు 28.6కే సులువుగా దొరుకుతాయి. రెండో లాభం రోజూ కనిపించేది. పాత స్టెమ్‌లో హ్యాండిల్ మార్చాలంటే ఒక పక్క గ్రిప్పు, బ్రేకు లివరు, గేరు షిఫ్టరు అన్నీ ఊడదీసి హ్యాండిల్‌ను పక్కనుంచి లాగాలి. కొత్త స్టెమ్‌కు ముందు మూత ఉంటుంది. నాలుగు బోల్టులు తీస్తే హ్యాండిల్ చేతిలోకి వచ్చేస్తుంది.

రాడ్ బ్రేకుల నల్ల సైకిలుకు మాత్రం దీని జోలికి పోవద్దు. అందులో బ్రేకు రాడ్లు హ్యాండిల్‌తోనే ముడిపడి ఉంటాయి. హ్యాండిల్ మారిస్తే బ్రేకులూ మార్చాలి. అంబత్తూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత బీఎస్ఏ, హెర్క్యులిస్ గేరు సైకిళ్లు, సెకండ్ హ్యాండ్‌లో దొరికే విదేశీ స్టీలు ఫ్రేములు దీనికి సరైన బళ్లు.

కొనేముందు కొలత. ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. "ఒక అంగుళం ఫోర్కు" అంటే బయటి వ్యాసం 25.4 మి.మీ., లోపలి వ్యాసం 22.2. దానికి 22.2 అడాప్టర్. "అంగుళం పైన ఒక వంతు" ఫోర్కు అంటే, సైకిలు లెక్కలో ఆ వంతు అంగుళంలో ఎనిమిదో వంతు, బయట 28.6, లోపల 25.4. దానికి 25.4 అడాప్టర్ కావాలి, అది తక్కువగా దొరుకుతుంది. కొన్ని బీఎంఎక్స్ సైకిళ్లలో క్విల్ 21.1 ఉంటుంది, 22.2 అందులో దూరనే దూరదు. పాత ఫ్రెంచి సైకిలైతే 22.0. ఫోర్కు మూతి దగ్గర కాలిపర్ (వ్యాసం కొలిచే పనిముట్టు) పెట్టి కొలవొద్దు, అక్కడ అంచు లోపలికి నొక్కుకుపోయి ఉండొచ్చు. పాత స్టెమ్ బయటికి లాగి, గీతలు లేని చోట దాని కాడను కొలవండి. చెక్‌నట్‌కు 32 పానా సరిపోతే అంగుళం ఫోర్కు, 36 పడితే రెండోది అని చాలావరకు చెప్పేయొచ్చు, అయినా కాలిపర్ మాటే ఆఖరి మాట.

21.1 ఫోర్కుకు 22.2 అడాప్టర్‌ను పుదుపేటలో లేతు మీద పెట్టి అరగదీయించే ఉపాయం ఒకటి చెన్నైలో చలామణీలో ఉంది. లేతు పని బాగానే చేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ గొట్టం గోడ చుట్టూ అర మిల్లీమీటరుకు పైగా పోతుంది. హ్యాండిల్ మీద మనిషి బరువంతా పడినప్పుడు వంగేది సరిగ్గా ఆ చోటే. వద్దు.

ఇక లోతు. అడాప్టర్ మీద చెక్కిన కనీస గీత చెక్‌నట్ కిందికి దిగి కనబడకుండా పోవాలి, ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది. అడాప్టర్ అడుగున ఏటవాలుగా కోసిన వెడ్జ్ ముక్క ఉంటుంది. పొడవాటి బోల్టు బిగిస్తే అది పక్కకు జరిగి స్టీరర్ (ఫోర్కు పై గొట్టం) లోపలి గోడను నెట్టి పట్టుకుంటుంది. బయట మరలు కోసిన చోట స్టీరర్ గోడ పలచన. వెడ్జ్ సరిగ్గా ఆ పలచటి చోట పడితే స్టీరర్ ఉబ్బుతుంది, చెక్‌నట్టూ, దాని కింద గోళీల మీద ఆనే కోనూ తిరగడం మానేస్తాయి, ఆ తర్వాత ఏదో ఒక రోజు మర అడుగున చీలుతుంది. కాబట్టి వెడ్జ్ మొత్తం మరల కిందికి దిగాలి. మరీ కిందికి దిగినా చిక్కే. కొన్ని స్టీరర్లు కింద లోపలివైపు మందమవుతాయి. వెడ్జ్ ఆ వాలు మీద ఆగితే ఒక అంచే ఆనుతుంది, ఎంత బిగించినా హ్యాండిల్ జారుతుంది.

మరలు ఎంతవరకు ఉన్నాయో తెలియాలంటే ఫోర్కు దించి చూడడమే మార్గం. విడిగా అమ్మే ఫోర్కుల్లో కొన్నిటికి ఏ ఫ్రేముకైనా కోసుకోవచ్చని మరలు చాలా పొడవుగా కోస్తారు. సైకిలుకు ఎప్పుడైనా ఫోర్కు మార్చి ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి. ఎలాగూ దించారు కదా, హెడ్‌సెట్ గోళీలు, కప్పులు కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పెట్టేయండి. కప్పుల్లో గుంటలు పడితే అడాప్టర్ వాటిని బాగుచేయదు.

బిగించే పని గంటలో అయిపోతుంది. చెన్నైలో ఆ గంట మొత్తం పాత స్టెమ్ తీయడానికే పోవచ్చు. అల్యూమినియం స్టెమ్, స్టీలు స్టీరర్, మధ్యలో సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తేమ కలిసి ఆ రెండిటినీ ఒకటిగా అంటించేస్తాయి. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన తిరిగే సైకిళ్లలో ఇది మామూలే. పద్ధతి ఇది: పై బోల్టును మూడు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. బోల్టు తల మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. టక్కున కిందికి దిగితే వెడ్జ్ వదిలినట్టు. ఆ తర్వాతా స్టెమ్ కదలకపోతే కాడ చుట్టూ తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచండి. సైకిలు తలకిందులు చేసి ఫోర్కు కింది రంధ్రంలోంచి కూడా వేయండి, అసలు పట్టు అక్కడే. చక్రాన్ని మోకాళ్ల మధ్య పెట్టి హ్యాండిల్‌ను శక్తికొద్దీ మెలితిప్పడం చాలామంది చేసే పని. ఫోర్కు కాళ్లు వంకరయ్యేది అలాగే. రెండు రోజులు నూనె తాగినా రాకపోతే స్టెమ్‌ను కోసి తీయడమే, ఫోర్కు కన్నా స్టెమ్ చవక.

స్టెమ్ వచ్చాక స్టీరర్ లోపల గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి, వేలు పెట్టి చూడండి. పాత వెడ్జ్ చేసిన గీరుడు పైకి లేచి ఉంటే సన్నటి ఆకురాయితో సాఫు చేయండి. అడాప్టర్ కాడ చుట్టూ, వెడ్జ్ ఏటవాలు ముఖం మీద, బోల్టు మరలకు, బోల్టు తల కింద గ్రీజు పూయండి. స్టెమ్ పట్టే 28.6 భాగానికి మాత్రం గ్రీజు తగలనీయొద్దు. లోపలికి దించి, 6 నంబరు అలెన్ కీతో బిగించండి. బిగువు ఎంతో చూపే టార్క్ పానా ఉంటే 18 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. తర్వాత స్పేసరు (ఎత్తు సర్దే రింగు), స్టెమ్, పైన మూతలా టాప్ క్యాప్. చక్రానికి స్టెమ్ సూటిగా ఉందో చూసుకుని పక్క బోల్టులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, స్టెమ్ మీద రాసిన అంకె వరకు, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, బిగించండి. పై భాగం 50 మి.మీ., స్టెమ్ మెడ ఎత్తు 40 అయితే ఒక 10 మి.మీ. స్పేసరు పడుతుంది. స్టెమ్ మెడ గొట్టం పైకి పొడుచుకొచ్చి, పై బోల్టు ఖాళీ గాలిని పట్టుకుని ఉండకూడదు.

టాప్ క్యాప్ గురించి విడిగా చెప్పాలి. నిజమైన త్రెడ్‌లెస్ సైకిల్లో టాప్ క్యాప్ బిగిస్తే హెడ్‌సెట్ లూజు పోతుంది. ఇక్కడ అది ఉత్త మూత. దాని బోల్టు అడాప్టర్‌లోనే మొదలై అడాప్టర్‌లోనే ముగుస్తుంది, హెడ్‌సెట్‌తో దానికి సంబంధమే లేదు. లూజు ఉంటే 32 పానాలు తీసుకుని కోన్, చెక్‌నట్ సర్దాల్సిందే. కొత్త సైకిళ్ల మీద చేయి తిరిగిన మెకానిక్ దీన్ని చూసి అలవాటుగా టాప్ క్యాప్ బిగించుకుంటూ పోయి మర పాడుచేస్తాడు. సైకిలు ఇచ్చేటప్పుడే చెప్పండి: "అణ్ణే, ఫోర్క్ మాత్త వేండాం, స్టెమ్ మట్టుం" (అన్నా, ఫోర్కు మార్చొద్దు, స్టెమ్ మాత్రమే). ఫోర్కు, హెడ్‌సెట్ పాతవే కాబట్టి టాప్ క్యాప్ బిగించొద్దని కూడా చెప్పండి. అడాప్టర్ బోల్టు బిగించాక హెడ్‌సెట్ మళ్లీ ఒకసారి చూసుకోవాలి, స్టీరర్ వెంట్రుకవాసి ఉబ్బినా కోన్ బిగువు మారుతుంది. ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపితే తెలిసిపోతుంది.

స్టెమ్ పొడవు ఎంచుకునేటప్పుడు పాత అంకెను కళ్లు మూసుకుని కొనేయొద్దు. పాత రోడ్డు సైకిలు క్విల్ స్టెమ్ ఏడు అంకెలా ఉంటుంది, కోణం మైనస్ 17. హెడ్ ట్యూబ్ (ఫోర్కు దూరే ఫ్రేము ముందు గొట్టం) 73 డిగ్రీలైతే అది నేలకు సమాంతరం, 100 మి.మీ. స్టెమ్ సరిగ్గా 100 ముందుకు పోతుంది. కొత్త స్టెమ్‌ల కోణం ఎక్కువగా 6 డిగ్రీలు. అదే 100 మి.మీ. స్టెమ్ కిందికి తిప్పి బిగిస్తే ముందుకు 98, పైకి 19. పైకి తిప్పితే ముందుకు 92, పైకి 39. ఈ మార్పు నడుము నొప్పి ఉన్నవాళ్లకు వరమే, కానీ బ్రేకు కేబుళ్లు పొట్టిగా ఉంటే హ్యాండిల్ పక్కకు తిప్పినప్పుడు లాగేస్తాయి. కొత్త కేబుళ్ల ఖర్చూ లెక్కలో వేసుకోండి. పాత స్టెమ్‌లోంచే బ్రేకు కేబుల్ దూరి వెళ్లే క్యాంటిలీవర్ బ్రేకులుంటే, హెడ్‌సెట్ దగ్గర పెట్టే కేబుల్ హ్యాంగర్ విడిగా కొనాలి.

హ్యాండిల్ మందం ఎక్కువగా 25.4, 26.0, 31.8 అని మూడు రకాలు. 25.4 హ్యాండిల్‌ను 26.0 స్టెమ్‌లో పెడితే చూడటానికి పడుతుంది, గుంతలో జారుతుంది. 31.8 స్టెమ్, 31.8 హ్యాండిల్ కలిపి కొనడమే తెలివి.

అడాప్టర్ సరుకు నాణ్యత విషయానికొస్తే, చవకగా దొరికే పేరులేని రకాల్లో గొట్టం బాగానే ఉంటుంది, చిల్లర సామానే నాసి. వెడ్జ్ అంచులు కత్తిలా ఉంటాయి, ఆకురాయితో గుండ్రం చేయకపోతే స్టీరర్‌ను గీరేస్తాయి. బోల్టుకు పూత నామమాత్రం, ఒక్క వర్షాకాలానికి ఎర్రబడుతుంది. బ్రాడ్‌వే హార్డ్‌వేర్ దుకాణాల్లో అదే పొడవు, అదే మర ఉన్న మంచి బోల్టు తీసుకుని మార్చేయడం మేలు. కొన్నిటికి పై భాగం 25.4 ఉండి, దాని మీద చీలిక ఉన్న తొడుగు వేసి 28.6 చేస్తారు. ఆ తొడుగు చీలికా స్టెమ్ చీలికా ఒకే వరసలో రాకుండా తిప్పి పెట్టండి, లేకపోతే కిర్రుమంటూనే ఉంటుంది.

ఫోర్కునే మార్చేసి నిజమైన త్రెడ్‌లెస్ చేయొచ్చు కదా అంటే, 28.6 ఫోర్కున్న సైకిలుకు తప్పకుండా. హెడ్ ట్యూబ్ కప్పులు 34 మి.మీ., ఆ కొలతకు త్రెడ్‌లెస్ హెడ్‌సెట్లు సులువుగా దొరుకుతాయి. చూడాల్సినవి రెండు. కొత్త ఫోర్కుకు వీ బ్రేకు పిన్నులు ఉండాలి, డిస్కుకు మాత్రమే చేసిన ఫోర్కు మీ చక్రానికి పనికిరాదు. ఇరుసు నుంచి కిరీటం (ఫోర్కు కాళ్లు కలిసే చోటు) దాకా ఎత్తు పాతదానికి దగ్గరగా ఉండాలి, 20 మి.మీ. పెరిగితే హెడ్ ట్యూబ్ కోణం సుమారు ఒక డిగ్రీ వాలిపోయి సైకిలు తిరగడానికి బద్ధకిస్తుంది. అంగుళం ఫ్రేముకైతే ఆ దారి కష్టం. అంగుళం త్రెడ్‌లెస్ ఫోర్కు అరుదు, దొరికినా హెడ్‌సెట్ కింది రింగు కూర్చునే చోటు, అంటే క్రౌన్ రేసు సీటు, 26.4 మి.మీ.యా, 27.0నా అని చూడకుండా హెడ్‌సెట్ కొంటే కూర్చోదు. అక్కడ అడాప్టరే దిక్కు. పాత స్టీరర్ మరల మీదే త్రెడ్‌లెస్ స్టెమ్ బిగించే ప్రయోగం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు, ప్రతి మర అడుగూ ఒక పగులు మొదలయ్యే చోటు.

చివరిగా ఉప్పు. టాప్ క్యాప్ పైనుంచి నీళ్లు పోకుండా ఆపుతుంది, పాత స్టెమ్ బోల్టు గుంటలో వాన నీరు నిలిచే బాధ దీనికి లేదు. ముందు చక్రం చిమ్మే నీళ్లు మాత్రం ఫోర్కు కింది రంధ్రంలోంచి నేరుగా వెడ్జ్ దాకా వెళ్తాయి. ఆ రంధ్రానికి ఒక రబ్బరు బిరడా పెట్టండి. అక్టోబరు వానలకు ముందు ఒకసారి, జనవరిలో ఒకసారి అడాప్టర్ బయటికి లాగి, తుడిచి, గ్రీజు పూసి మళ్లీ దించండి. కాడ మీద తెల్లటి పొడి కనిపిస్తే ఏడాదికి రెండుసార్లు చాలదు, మూడు నెలలకోసారి తీయండి.