సేలం వెళ్ళేవాళ్ళు డాన్వర్స్‌ని వదిలేయకండి

సేలం అంటే తమిళనాడు సేలం కాదు, అమెరికాలో మసాచుసెట్స్‌లో ఉన్నది. అక్కడ మనిషికి 34 డాలర్ల చొప్పున నలుగురికి 136 డాలర్లు కట్టి వెళ్ళిన వాకింగ్ టూర్‌లో, మొదటి పది నిమిషాల్లోనే గైడ్ "మంత్రగత్తెల్ని ఈ చుట్టుపక్కలే తగలబెట్టారు" అన్నాడు. తప్పు. సేలంలో ఎవర్నీ తగలబెట్టలేదు. 1692లో చేతబడి చేశారని నేరం మోపి 19 మందిని ఉరి తీశారు. గైల్స్ కోరీ అనే 80 ఏళ్ళ ముసలాయన నేరం ఒప్పుకోను, కాదనీ అనను అని మొండికేస్తే ఒంటి మీద బండరాళ్ళు పేర్చి చంపారు. ఇంకో ఐదుగురైనా జైల్లోనే పోయారు. వాళ్ళలో ఒక్కరు కూడా మంత్రగత్తె కాదు. ఆ మాట ఒక్కటి చెప్పకుండా గంటన్నర సేపు దయ్యాల కథలు చెప్పి, చివర్లో టిప్ అడిగాడు. ఆ కోపంతోనే ఇదంతా రాస్తున్నాను.

మేం న్యూజెర్సీ నుంచి కార్లో వెళ్ళాం: మా ఆయన, నేను, 11 ఏళ్ళ మా పాప, మెదక్ వైపు నుంచి మొన్న వేసవిలో వచ్చిన మా అత్తమ్మ. దారిలో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

బస మాత్రం నరకం. అక్టోబర్ ఆఖరి వారం కాబట్టి రాత్రికి 418 డాలర్లు, రెండు రాత్రులు. పార్కింగ్ ఫ్రీ అని బుకింగ్‌లో ఉంది. తీరా వెళ్ళాక ఆ చోటు నిండిపోయింది, పక్క లాట్‌లో పెట్టుకోండి అన్నారు, రోజుకు 45. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి, పైగా సరిగ్గా వినపడదు. కౌంటర్‌లో అబ్బాయి గబగబా ఏదో చెప్తుంటే ఆవిడ తలూపుతూ నిలబడింది. మళ్ళీ చెప్పమంటే విసుక్కున్నాడు. కింద బార్‌లో రాత్రి రెండింటి దాకా డ్రమ్స్. కింది గది ఇవ్వమని మా ఆయన మూడుసార్లు అడిగాడు, "అక్టోబర్ కదా" అన్నదే సమాధానం. రెండో రోజు పొద్దున అత్తమ్మ మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుని దిగుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మీరు వెళ్తే బోస్టన్‌లోనే ఉండండి. నార్త్ స్టేషన్ నుంచి అరగంటకు పైగా రైలు, ఒక వైపు 8 డాలర్లు. కారూ వద్దు, పార్కింగ్ టెన్షనూ వద్దు.

ఊరంతా మంత్రగత్తె బొమ్మే. టీ షర్టుల మీద, బార్ల మీద సరే, చివరికి పోలీసుల బ్యాడ్జి మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె. ఒకప్పుడు ఇదే నేరం మోపి, తలుపు తట్టి సంకెళ్ళు వేసి తీసుకెళ్ళింది కూడా అధికారులే కదా. ఆ బ్యాడ్జి చూసి నేను చాలాసేపు మామూలు కాలేకపోయాను.

సేలంలో చూడాల్సినవి నాకు తెలిసి మూడు. ఒకటి, జొనాథన్ కార్విన్ అనే జడ్జి ఉన్న ఇల్లు. ఈ కేసులతో నేరుగా సంబంధం ఉండి ఇప్పటికీ సేలంలో నిలబడి ఉన్న కట్టడం అదొక్కటే. పొద్దున్నే వెళ్ళండి, తర్వాత క్యూ. రెండు, ప్రాక్టర్స్ లెడ్జ్. ఉరి తీసిన చోటు ఇదేనని పరిశోధకులు 2016లో తేల్చారు. ఇళ్ళ మధ్య ఒక చిన్న రాతి గోడ, 19 పేర్లు. మేం ఉన్న అరగంటలో ఇంకెవరూ రాలేదు.

మూడోది, పాత శ్మశానం పక్కన 1992లో కట్టిన స్మారకం. టికెట్ లేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి బల్లలు, ఒక్కో దాని మీద ఒక పేరు, ఎలా చంపారో, ఏ తేదీనో. లోపలికి అడుగు పెట్టే చోట నేల రాళ్ళ మీద వాళ్ళు కోర్టులో మొత్తుకున్న మాటలు చెక్కారు. అవి వాక్యం మధ్యలోనే గోడ కిందికి పోయి ఆగిపోతాయి. పాప ముందు రోజు 22 డాలర్లు పెట్టి కొనిపించుకున్న నల్ల టోపీ పెట్టుకుని వచ్చింది. మేమెవ్వరం ఏమీ అనలేదు. రెండో బల్ల దగ్గర తనే తీసి నా బ్యాగులో కుక్కేసింది.

అసలు కథ మొదలైంది సేలం ఊళ్ళో కాదు, అప్పటి సేలం విలేజ్‌లో. దాని పేరే ఇప్పుడు డాన్వర్స్, ఐదారు మైళ్ళ దూరం. టూర్‌లో ఈ మాట కూడా చెప్పలేదు! అక్కడి పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో 1692 చలికాలంలో ఆయన కూతురు బెట్టీ, మేనకోడలు అబిగెయిల్ వంకర్లు తిరిగిపోతూ అరవడం మొదలుపెట్టారు. ఒకరికి తొమ్మిదేళ్ళు, ఇంకొకరికి పదకొండు. డాక్టర్ చేతబడి అన్నాడు, పెద్దవాళ్ళు ఎవరు చేశారో చెప్పమని పిల్లల్ని గుచ్చిగుచ్చి అడిగారు. ముందు పేర్లు వచ్చినవి ఎవరివి? ఇంట్లో బానిస టిటూబా, అడుక్కుని బతికే సారా గుడ్, మంచాన పడ్డ సారా ఓస్బర్న్. సారా గుడ్ కూతురు నాలుగైదేళ్ళ పసిది, దాన్నీ సంకెళ్ళు వేసి జైల్లో పెట్టారు. "ఆమె ఆకారం వచ్చి నన్ను గిల్లింది" అంటే కోర్టుకు అదే సాక్ష్యం. ఆ ఆకారం వేరే ఎవరికీ కనపడదు. నేరం ఒప్పుకున్నవాళ్ళను ఉరి తీయలేదు, దేవుడి మీద ఒట్టేసి కాదన్నవాళ్ళు చచ్చిపోయారు. ఆ అక్టోబర్‌లో గవర్నర్ ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేసేదాకా ఇదే నడిచింది.

పాస్టర్ ఇల్లు లేదు. ఇళ్ళ వెనక సన్నని దారిలో వెళ్తే 1970లో తవ్వి తీసిన పునాది రాళ్ళు, గడ్డి, అంతే. ఫ్రీ. అక్కడే కూర్చుని పెరుగన్నం, ఆవకాయ తిన్నాం. పాపకు దారిలో ఒక పొలం దగ్గర కొన్న యాపిల్ సైడర్ డోనట్లు, ఆరు 7 డాలర్లు. నూనెలోంచి అప్పుడే తీసినవి, గారెలంత వేడిగా ఉన్నాయి. మొత్తం ట్రిప్పులో కడుపు నిండింది అక్కడే.

అప్పటిదాకా మాట్లాడని అత్తమ్మ, "మా ఊళ్ళె గూడ గిట్లనే" అంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒంటరి ముసలామె బాణామతి చేస్తోందని పుకారు పుట్టించి, మంత్రం నోట పలకకూడదని పళ్ళు ఊడగొట్టారట. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ సంగతి మా ఆయనక్కూడా చెప్పలేదు.

అక్కడి నుంచి, ఉరి తీసినవాళ్ళలో ఒకరైన రెబెకా నర్స్ (నర్స్ ఇంటిపేరు) ఇంటికి వెళ్ళాం. సేలం టూర్‌కి కట్టిన దాంట్లో సగం కూడా కాలేదు టికెట్. చలికాలం మూసేస్తారు, వేళలు చూసుకుని వెళ్ళండి. మాకు ఇల్లు చూపించినావిడ తొందర లేకుండా, అత్తమ్మ వైపు తిరిగి మరీ నిదానంగా చెప్పింది. రెబెకాకు 71 ఏళ్ళు, ఎనిమిది మంది పిల్లలు, చెవుడు. జ్యూరీ మొదట ఆమె నిర్దోషి అనే తీర్పు చెప్పింది. నిందలు వేసిన అమ్మాయిలు గగ్గోలు పెట్టేసరికి, రెబెకా అన్న ఒక మాట పట్టుకుని ఆ తీర్పును మళ్ళీ ఆలోచించమన్నాడు ప్రధాన జడ్జి స్టౌటన్. ఆ మాటకు అర్థమేమిటని జ్యూరీ పెద్ద అడిగాడు. ఆమె ఏమీ చెప్పలేదు, వినపడలేదు. దోషి అయిపోయింది. జూలై 19న ఉరి.

నేను తెలుగులో చెప్పగానే అత్తమ్మ, "ఇనరాకపోతే ఇంకోపారి అడగొద్దా?" అంది నా చెయ్యి పట్టుకుని.

వెనక కుటుంబం శ్మశానం. రాత్రిపూట కొడుకులు ఆమెను తెచ్చి ఇక్కడే పూడ్చారని వాళ్ళ ఇంట్లో చెప్పుకునేవాళ్ళట. 1885లో పెట్టిన స్తంభం ఒకటి ఉంది. దాని పక్కన 1892లో పెట్టిన ఇంకో రాయి, ఆమె మంచి మనిషని అప్పుడే, ఆ భయంలోనే, సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చిన 40 మంది ఇరుగుపొరుగు వాళ్ళది. వాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. పాప రాయి ముందు నిలబడి, అత్తమ్మకు వినపడేలా గట్టిగా ఒక్కొక్క పేరే చదివింది.