నాలుగంగుళాల గ్రైండర్: నాలుగేళ్లు వాడాక

బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర మాది చిన్న గ్రిల్ వర్క్‌షాప్. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తాం. పైపు కొయ్యడం, వెల్డింగ్ గరుకు తియ్యడం అంతా ఒక 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ మీదే నడుస్తోంది. నాలుగేళ్లు దాటింది. కంపెనీ పేరు రాయను, ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇదే తీరు.

మోటారుకు వంక పెట్టలేను. రోజంతా తిప్పినా చేతికి వెచ్చగా తగులుతుందే తప్ప ఎప్పుడూ మొరాయించలేదు. కాకపోతే దాని ఫ్యానే ఇనుప పొడిని లోపలికి లాక్కుంటుంది. వారానికోసారి కళ్లద్దాలు పెట్టుకుని కంప్రెసర్ గాలి కొట్టాల్సిందే. గాలి సందుల్లోంచి చూస్తే కార్బన్ బ్రష్‌ల దగ్గర, అంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కల దగ్గర, చిన్న చిన్న మిణుగుర్లు మామూలే. నిప్పు కమ్యుటేటర్ (ఆ బ్రష్‌లు రాసుకునే రాగి పట్టీ) చుట్టూ వలయంలా తిరుగుతోందంటే మాత్రం వెంటనే ఆపి విప్పాలి. బ్రష్‌లు జతగానే మార్చాలి. ఎస్.పి.రోడ్డులో చవక రకాలు కుప్పలుగా దొరుకుతాయి. నేను మాత్రం కంపెనీవే వేస్తాను. గట్టి బ్రష్ కమ్యుటేటర్‌ని గీరేస్తే ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం మొత్తం, మార్చే ఖర్చు ముందు ఆ మిగులు ఏపాటిది?

నాకు నచ్చనిది స్విచ్. ముందుకు తోస్తే అక్కడే లాక్ అయిపోయే రకం. కొయ్యడం మధ్యలో కరెంటు పోతుంది, మెషిన్ కింద పెట్టి చాయ్‌కి వెళ్తాం, కరెంటు రాగానే అది దానంతటదే తిరగడం మొదలెడుతుంది. అందుకే మా షాపులో కరెంటు పోతే ముందు ప్లగ్ పీకాలి, తర్వాతే చాయ్.

వీల్ (కోసే, అరగదీసే చక్రం) మీద కప్పే రేకు గార్డ్ గురించి మా కుర్రాడితో రోజూ పేచీయే. "అన్నా, గార్డ్ ఉంటే మూలలోకి దూరట్లేదన్నా" అంటాడు. "దూరకపోతే ఆకురాయి పట్టు" అంటాను. నిమిషానికి 11,000 చుట్లంటే వీల్ అంచు గంటకు 200 కిలోమీటర్ల పైనే పోతున్నట్టు. ముక్క విరిగితే ఎటు వస్తుందో ఎవరు చెప్పగలరు? వీల్ మీద రాసిన గరిష్ఠ వేగం మెషిన్ వేగానికి తగ్గకూడదు. మధ్యనున్న ఇనుప రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, కొనేటప్పుడు ఎవరూ చూడరు. ఇంకొందరు మార్బుల్ కట్టర్ బ్లేడు తెచ్చి దీనికే బిగిస్తారు. దాని బొక్క 20 మిల్లీమీటర్లు, దీని వీల్‌ది 16. సందులో ఏదో ముక్క ఇరికించి తిప్పితే బ్లేడు వంకరగా కొట్టుకుంటుంది. అంతకంటే తెలివితక్కువ పని లేదు.

పైపు కోసేటప్పుడు రెండు కొసల కిందా దిమ్మలు పెడితే కోత మధ్యలో మూసుకుపోయి వీల్‌ని పట్టేస్తుంది, మెషిన్ ఎదురు తంతుంది. కొయ్యాల్సిన కొసని గాల్లో వదిలెయ్యండి. వదులు నూలు గ్లవ్స్ వద్దు. కొత్త వీల్ బిగించాక కాసేపు ఖాళీగా, మొహానికి దూరంగా తిప్పి చూడండి. వీల్ మార్చేటప్పుడు ఇరుసు తిరక్కుండా పట్టే స్పిండిల్ లాక్ బటన్‌ని మెషిన్ తిరుగుతుండగా నొక్కితే లోపల గేరు పోతుంది, గ్యారంటీ వర్తించదు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు చెప్పేది ఒక్కటే. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే, చెయ్యి వదిలితే ఆగిపోయే పాడిల్ స్విచ్ రకం తీసుకోండి. మా దాని ఆర్మేచర్ పోయాక నేనూ అదే కొంటాను, ఈలోగా దీన్ని మార్చే ఉద్దేశం లేదు.