హైదరాబాద్‌లో విమానం మారాలి: ఒకే టికెట్టా, రెండు విడి టికెట్లా? ఏది మేలు?

ఈ మధ్య మా చుట్టాల్లో ఎవరు విమానం ఎక్కాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "రాజమండ్రిలో ఎక్కి శంషాబాద్‌లో దిగుతాం. అక్కడ రెండో విమానానికి గంటా ఇరవై నిమిషాలే ఉంది. అందుతుందంటావా? లేకపోతే రెండు టికెట్లూ విడివిడిగా తీసుకుని మధ్యలో రెండు మూడు గంటలు ఉంచుకోమంటావా?" కార్తీకమాసంలో అమ్మనీ పిన్నినీ కాశీ తీసుకెళ్లినప్పుడు ఇదే ప్రశ్న నాకూ వచ్చింది. రెండు రాత్రులు దాంతోనే కూర్చున్నాను. కాబట్టి నాకు అర్థమైనంత రాస్తున్నాను.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఒకే పీఎన్ఆర్ (అంటే బుకింగ్ నంబరు) మీద గంటా ఇరవై నిమిషాలున్న టికెట్టు, రెండు పీఎన్ఆర్‌ల మీద రెండుంబావు గంటలున్న టికెట్ల కంటే మంచిది. వినడానికి ఇది తలకిందులుగా ఉంటుంది. మా బావగారు కూడా ఒప్పుకోలేదు, లెక్క వేసి చూపించేదాకా.

ఆ లెక్క ఇది. ఒకే పీఎన్ఆర్ అయితే బ్యాగు రాజమండ్రిలో ఇచ్చేస్తాం, మళ్లీ కాశీలోనే చూస్తాం. బోర్డింగ్ పాసులు రెండూ రాజమండ్రిలోనే చేతికొస్తాయి. అంటే శంషాబాద్‌లో మనం అందుకోవాల్సింది బోర్డింగ్ గేటు ఒక్కటే. అది సాధారణంగా విమానం బయల్దేరడానికి 25 నిమిషాల ముందు మూస్తారు. 80 నిమిషాల్లో 25 తీసేస్తే 55. విమానం దిగి, బస్సులో టెర్మినల్‌కి వచ్చి, మళ్లీ సెక్యూరిటీ చెక్ చేయించుకుని గేటు దాకా నడవడానికి ఓ 25 నిమిషాలు వేసుకోండి. మిగిలింది 30. మొదటి విమానం అరగంట ఆలస్యమైనా సరిపోతుంది.

రెండు పీఎన్ఆర్‌లైతే మనం అందుకోవాల్సింది గేటు కాదు, చెక్-ఇన్ కౌంటర్. బ్యాగు ఇవ్వాలి కదా. దేశీయ విమానాలకు ఆ కౌంటర్ చాలావరకు గంట ముందే మూసేస్తారు. 135 నిమిషాల్లో 60 పోతే 75. బస్సు దిగి బెల్టు దగ్గరికి రావడానికి 10, బ్యాగు వచ్చేదాకా 25, ట్రాలీ తోసుకుంటూ బయటికి వచ్చి, లిఫ్ట్‌లో డిపార్చర్స్‌కి ఎక్కి, టెర్మినల్ ద్వారం దగ్గర టికెట్టూ ఆధారూ చూపించి లోపలికి వెళ్లడానికి ఇంకో 10. మిగిలింది అదే 30. పైన కనిపించే గంటకు దగ్గరగా ఉన్న తేడా లెక్కలోకి దిగేసరికి మొత్తం కరిగిపోయింది.

ఇక ఆ 30 కూడా చాలకపోతే ఏమవుతుందన్నదే అసలు విషయం. నా దృష్టిలో నిమిషాల కంటే ఇదే ముఖ్యం. ఒకే పీఎన్ఆర్ ఉంటే మనల్ని కాశీ చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. వాళ్ల మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి దాంట్లో సీటు చూసి అదనపు డబ్బు లేకుండా పంపిస్తారు. రెండు పీఎన్ఆర్‌లుంటే రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో మనం సమయానికి రాని ప్రయాణికులం, అంతే. ముందు విమానం ఎందుకు ఆలస్యమైందో వాళ్లకి సంబంధం లేదు. రెండు టికెట్లూ ఒకే ఎయిర్‌లైన్‌వి అయినా సరే, పీఎన్ఆర్ వేరైతే అడగడానికి మనకు హక్కేమీ ఉండదు. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఆలస్యానికి టిఫిన్ పెట్టాలనీ, ఆరు గంటలు దాటితే వేరే విమానమో డబ్బు వాపసో ఇవ్వాలనీ ఉంది. కానీ అది ఆ ఒక్క టికెట్టుకే. 50 నిమిషాల ఆలస్యం వాళ్ల పుస్తకంలో ఆలస్యమే కాదు. మన రెండో విమానం పోవడానికి మాత్రం అది చాలు.

బావగారికి సరిగ్గా అలాగే జరిగింది. విజయవాడ నుంచి హైదరాబాద్ మీదుగా జైపూర్, రెండు విడి టికెట్లు, మధ్యలో 2 గంటల 15 నిమిషాలు. మొదటి విమానం 50 నిమిషాలు ఆలస్యం. దిగి పరిగెత్తారు గానీ బెల్టు ముందు నిలబడక తప్పలేదు. మూడు బ్యాగుల్లో రెండు వెంటనే వచ్చాయి. పచ్చళ్ల డబ్బాలున్న మూడోది ఎంతకీ రాలేదు. అక్కయ్య ఆ రెండింటితో పైకి వెళ్లి కౌంటర్ దగ్గర బతిమాలుతూ నిలబడింది. ఈయన కింద బెల్టు వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి కౌంటర్ మూసేశాక ఈయన పైకి చేరారు. అప్పటికప్పుడు కొన్న టికెట్లకు మొదట పెట్టిన డబ్బుకి రెట్టింపు పైనే అయింది. ఎక్కని టికెట్టు మీద యూజర్ ఫీజు లాంటి ఎయిర్‌పోర్టు చార్జీలు వాపసు అడగొచ్చని కూడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇలా జరిగినవాళ్లు ఆ చార్జీలు తప్పకుండా అడగండి. చిన్న మొత్తమే అయినా మనదే కదా.

ఇక్కడ అందరూ ఒకచోట దెబ్బ తింటున్నారు, కాస్త ఆగి చూడండి. ట్రావెల్ యాప్‌లో "రాజమండ్రి నుంచి వారణాసి, 1 స్టాప్" అని ఒకే వరసలో, ఒకే ధరతో కనిపిస్తుంది. ఒక్కసారే డబ్బు కడతాం. కాబట్టి ఒకే టికెట్టు అనుకుంటాం. కానీ కొన్నిసార్లు ఆ యాప్ రెండు విడి టికెట్లను పక్కపక్కన పెట్టి అమ్ముతుంది. డబ్బు కట్టే ముందు అక్కడెక్కడో చిన్న అక్షరాల్లో, బ్యాగు మీరే తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి అని ఉంటుంది. టికెట్టు వచ్చాక చూడండి: రెండు ప్రయాణాలకూ ఒకే ఆరక్షరాల పీఎన్ఆర్ ఉందా, రెండున్నాయా? రెండుంటే మీ చేతిలో ఉన్నది కనెక్షన్ కాదు. ఎయిర్‌లైన్ సొంత సైట్లో తీసుకుంటే ఈ బాధ దాదాపు ఉండదు. వంద రెండు వందలు ఎక్కువైనా నేను అక్కడే తీసుకుంటాను.

రెండో పరీక్ష కౌంటర్ దగ్గర. బ్యాగు హ్యాండిల్‌కి చుట్టే కాగితం ట్యాగు మీద పెద్ద అక్షరాల్లో ఊరి కోడ్ ఉంటుంది. మా బ్యాగుల మీద వీఎన్ఎస్ అని పడాలి, అంటే వారణాసి. హెచ్‌వైడీ అని మాత్రమే పడితే ఆ బ్యాగు హైదరాబాద్‌లోనే ఆగుతుంది. బెల్టు మీద కదిలిపోకముందే ఆ మూడక్షరాలు చూసి, అర్థం కాకపోతే అక్కడి అమ్మాయిని అడగండి.

మా ప్రయాణం ఎలా జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అదేమీ సాఫీగా సాగలేదు. ఒకే పీఎన్ఆర్, మధ్యలో 80 నిమిషాలు. మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, విమానమే 35 నిమిషాలు ఆలస్యంగా కదిలింది. అమ్మ టెన్షన్‌తో రుద్రాక్షమాల తిప్పుతూనే ఉంది. గాల్లో ఉండగానే ఎయిర్ హోస్టెస్‌కి మా బోర్డింగ్ పాసులు చూపించాను. శంషాబాద్‌లో మెట్లు దిగేసరికి కింద ఒక కుర్రాడు వాకీటాకీ పట్టుకుని "వారణాసి, వారణాసి" అని అరుస్తున్నాడు. మాతోపాటు ఇంకో నలుగురిని పోగేసి మమ్మల్ని ముందు పంపించాడు. సెక్యూరిటీ దగ్గర కూడా మమ్మల్ని వరస ముందుకి తీసుకెళ్లారు. ఎక్కేశాం. ఎక్కాల్సినవాళ్లు ఇంకా ఏడుగురున్నారని రెండో విమానం వాళ్లకి తెలుసు. అదీ ఒకే పీఎన్ఆర్ బలం. విడి టికెట్టయితే మనం ఎక్కడున్నామో వాళ్ల కంప్యూటర్‌కే తెలియదు.

మూడు బ్యాగుల్లో ఒకటి మాత్రం ఎక్కలేదు. కాశీలోని బాబత్‌పూర్ ఎయిర్‌పోర్టులో ఫిర్యాదు కాగితం రాయించి వచ్చాం. మర్నాడు సాయంత్రం సత్రానికే తెచ్చి ఇచ్చారు. అమ్మ బీపీ మాత్రలూ, ఇద్దరికీ ఒక్కో జత బట్టలూ చేతిసంచిలో పెట్టాను కాబట్టి మొదటిరోజు గంగాస్నానం ఆగలేదు. తక్కువ వ్యవధి ఉన్న కనెక్షన్‌లో మనుషులు పరిగెత్తగలరు గానీ బ్యాగు ఒక్కోసారి వెనకబడుతుంది. ఇది తెలిసే సర్దుకోవాలి.

నేను చేసిన పొరపాటు పిన్ని విషయంలో. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, వీల్‌చెయిర్ పెట్టాను. వీల్‌చెయిర్ వాళ్లని సాధారణంగా అందరూ దిగాకే దింపుతారు. ఆ పదిహేను నిమిషాలు నా లెక్కలో లేవు. ఆ కుర్రాడు పట్టించుకోబట్టి సరిపోయింది. కాబట్టి వీల్‌చెయిర్ ఉన్నా, చంటిపిల్ల ఉన్నా గంటా ఇరవై వద్దు. ఒకే పీఎన్ఆర్ మీదే రెండు గంటలకు తగ్గకుండా చూసుకోండి.

సీటు సంగతి కూడా చెప్పాలి. రాజమండ్రి, తిరుపతి, కడపల నుంచి హైదరాబాద్‌కి చాలావరకు ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు తిరుగుతాయి. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది. త్వరగా దిగుదామని ముందు వరస తీసుకుంటే అందరికంటే చివర దిగుతారు. వెనక సీట్లు తీసుకోండి.

మరి విడి టికెట్లు ఎప్పుడూ వద్దా అంటే, అలా అనను. ఒక్కరే, ఏడు కిలోల చేతిబ్యాగుతో వెళ్తుంటే లెక్క మారిపోతుంది. రెండో విమానానికి వెబ్ చెక్-ఇన్ ముందే చేసుకుంటే కౌంటర్‌తో పని లేదు, గేటు ఒక్కటే అందుకోవాలి. ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజియాత్ర యాప్ ఉంటే లోపలికి వెళ్లడమూ సులువే. అలాంటప్పుడు రెండుంబావు గంటలు నిజంగానే ఎక్కువ సమయం, డబ్బూ మిగలొచ్చు. ఏటీఆర్‌లో పైన అరలు చిన్నవి కాబట్టి చక్రాల బ్యాగుల్ని మెట్ల దగ్గరే తీసుకుని లగేజీతోపాటు పెట్టేస్తుంటారు. వీపున వేసుకునే మెత్తటి బ్యాగు నయం. లగేజీతో, కుటుంబంతో విడి టికెట్లు తప్పవనుకుంటే మాత్రం నాలుగు గంటలకు తక్కువ వద్దు.

ఒకే పీఎన్ఆర్ ఉన్నా ఒక్కటి చూసుకోండి: మీ రెండో విమానం తర్వాత ఆరోజు ఆ ఊరికి ఇంకోటి ఉందా? ఢిల్లీ, ముంబైలకైతే బోలెడున్నాయి. చిన్న ఊళ్లకి రోజుకి ఒకటో రెండో. మనం ఎక్కేదే ఆఖరిదైతే, తప్పిపోతే రాత్రంతా హైదరాబాద్‌లోనే. అందుకే వీలైనంతవరకు పొద్దున్నే బయల్దేరే మొదటి విమానం పట్టుకోండి. ఒకే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది, పొద్దున్న ఎక్కడో జరిగిన ఆలస్యం సాయంత్రానికి పెరుగుతూ మన దాకా వస్తుంది.

హైదరాబాద్ కాకుండా వేరేచోట మారాల్సి వస్తే: శంషాబాద్‌లో అన్నీ ఒకే టెర్మినల్‌లో ఉండటం పెద్ద సౌకర్యం. బెంగళూరులో రెండు టెర్మినళ్లు, పక్కపక్కనే. ఢిల్లీలో టీ1 నుంచి టీ3కి వెళ్లాలంటే బయట బస్సెక్కాలి, ముంబైలో టీ1, టీ2 రెండూ రోడ్డు మీద వెళ్లాల్సినంత దూరం. ఆ రెండుచోట్లా టికెట్టు మీద టెర్మినల్ నంబర్లు వేరుగా ఉంటే గంటా ఇరవై ఒప్పుకోకండి. డిసెంబరు చివర, జనవరిలో ఢిల్లీ పొద్దుటి కనెక్షన్ పొగమంచు వల్ల అసలే వద్దు.

ముందురోజు రాత్రే బస్సులోనో రైల్లోనో హైదరాబాద్ చేరి, అక్కడినుంచి నేరుగా విమానం ఎక్కేవాళ్లూ ఉన్నారు. నిశ్చింతే గానీ, పెద్దవాళ్లకి నిద్ర ఉండదు.

మాఘంలో పిన్ని మళ్లీ బయల్దేరుతోంది, ఈసారి అయోధ్య కూడా చూస్తానంటోంది. నిన్ననే టికెట్లు తీసుకున్నాను. ఎయిర్‌లైన్ సైట్లోనే, ఒకే పీఎన్ఆర్, పొద్దుటి విమానం, శంషాబాద్‌లో 2 గంటల 10 నిమిషాలు. ఏటీఆర్‌లో వెనక నుంచి రెండో వరస.