ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో: రెండేళ్లు మట్టి ట్రాక్ మీద నడిపాక సస్పెన్షన్ సెట్టింగ్ గురించి

హీరో వాళ్ల ఈ బైకుని 2023 చివర్లో కొన్నాను. రోడ్డు మీద నడిపింది తక్కువే, ఆదివారం వస్తే హైదరాబాద్ శివార్లలో మట్టి ట్రాకే. ఇంజన్ గురించీ మైలేజ్ గురించీ అందరూ రాశారు కాబట్టి నేను ఆ జోలికి పోను. ముందు 250 మిల్లీమీటర్లు, వెనక 220 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచడం), కంప్రెషన్ (కుంగేటప్పటి బిగువు), రీబౌండ్ (తిరిగి లేచేటప్పటి బిగువు) అన్నీ మార్చుకునే వీలు. ప్రో తీసుకున్నదే ఆ సస్పెన్షన్ కోసం, అందుకే దాని సంగతే చెప్తాను.

మొదటి ఆరు నెలలు మలుపు తిరిగిన ప్రతిసారీ ముందు చక్రం పట్టు లేకుండా బయటికి జారేది. ఫోర్క్ (ముందు సస్పెన్షన్) కంప్రెషన్ తగ్గించాను, రీబౌండ్ మార్చాను, చివరికి టైరు కూడా మార్చాను, ఏం చేసినా అంతే. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే నాలుగు స్క్రూలు అటూ ఇటూ తిప్పి డబ్బులు తీసుకున్నారు, బండి మీద నన్ను కూర్చోబెట్టి చూసినవాళ్లు లేరు. ట్రాక్‌లో పరిచయమైన ఒక అన్న టేపు తీసుకొచ్చి, "ముందు శాగ్ కొలువు తమ్ముడూ, క్లిక్కర్లు తర్వాత చూద్దాం" అన్నాడు. క్లిక్కర్లంటే కంప్రెషన్, రీబౌండ్ మార్చే స్క్రూలే, ఒక్కో క్లిక్ చొప్పున తిరుగుతాయి.

వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ (ఇరుసు) నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలవాలి, తర్వాత హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకుని ఎక్కి మళ్లీ కొలవాలి, ఆ తేడానే శాగ్. ట్రావెల్‌లో మూడో వంతు దగ్గర, అంటే నాకు 70 మిల్లీమీటర్లు ఉండాల్సింది, 95 వచ్చింది. వెనక అంతలా కుంగితే ముందు చక్రం మీద బరువెక్కడ ఉంటుంది? షాక్ (వెనక సస్పెన్షన్) మీద ప్రీలోడ్ రింగు బిగించి 70కి తెచ్చాక అదే మలుపు, అదే టైరు, బండి గీత గీసినట్టు తిరిగింది. ఇంకో మాట, రింగు బిగించాక మీరు దిగినప్పుడు బండి తన బరువుకి అసలు కుంగకపోతే ఆ స్ప్రింగ్ మీ బరువుకి మెత్తగా ఉందని అర్థం, ఎంత బిగించినా లాభం లేదు.

తర్వాత నన్ను బాగా తిప్పలు పెట్టింది వెనక రీబౌండ్. వరస గుట్టల మీద వెనక భాగం తన్నేస్తోందని క్లిక్ తర్వాత క్లిక్ బిగిస్తూ పోయాను, అది ఇంకా ఎక్కువైంది. మొదటి రెండు గుట్టలు మెత్తగా దాటి, నాలుగో ఐదో దాని దగ్గర రాయిలా గట్టిపడితే షాక్ పైకి లేచే లోపే తర్వాతి గుట్ట వచ్చేస్తోందన్నమాట, అప్పుడు రీబౌండ్ వదులు చేయాలి. మొదటి గుట్టకే తన్నితే బిగించాలి. చేతులకి రెండూ ఒకేలా అనిపిస్తాయి, తేడా తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది.

ఇక నేలని బట్టి. ఎండాకాలం ఎర్రమట్టి సిమెంటులా గట్టిపడి పైన గరప లేస్తుంది, అప్పుడు ముందూ వెనకా కంప్రెషన్ రెండేసి క్లిక్‌లు వదులు చేస్తాను, గాలి 15 పీఎస్ఐ, అంతకంటే తగ్గిస్తే రాళ్లకి ట్యూబ్ నొక్కుకుని పంక్చర్ అవుతుంది. వానల్లో నల్లరేగడి అంటుకుని బండి బరువెక్కుతుంది కాబట్టి వెనక ప్రీలోడ్ కాస్త పెంచి, గాలి 12కి దించుతాను, రిమ్ లాక్ (టైరు రిమ్ మీద జారకుండా పట్టి ఉంచేది) ఉంటేనే అలా చేయండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కృష్ణ ఒడ్డు ఇసుకలో మాత్రం అంతా తలకిందులు: ఫోర్క్ కంప్రెషన్ బిగించాలి, ఫోర్క్‌ని పట్టి ఉంచే క్లాంప్ పైన 5 మిల్లీమీటర్లు కనిపించే ఫోర్క్ గొట్టాలని కిందికి జరపాలి, వెనక శాగ్ కొంచెం పెంచాలి. ముందు భాగం ఎత్తుగా, తేలిగ్గా ఉంటేనే హ్యాండిల్ మన మాట వింటుంది.

మధ్యాహ్నం దాకా ఆగకుండా నడిపితే షాక్‌లో ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, పొద్దున సరిపోయిన రీబౌండ్ అప్పుడు చాలదు, ఒక క్లిక్ బిగిస్తాను. ఒకసారికి ఒక్కటే మార్చండి, నోట్‌బుక్‌లో రాసుకోండి.

బరువు 161 కిలోలు, సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లు. పెద్ద జంపులకి పుట్టిన బండి కాదు, ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు ముందు ఎక్కి చూసుకోండి. నా సెట్టింగ్ కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, గేర్‌తో కలిపి నేను 78 కిలోలు.