డిప్రెషన్ మాత్రలు వాడుతున్నారా? నొప్పి మాత్ర కొనేటప్పుడు జాగ్రత్త

విజయవాడ సూర్యారావుపేటలో ఒక మెడికల్ షాపు వల్ల మా పిన్ని పడ్డ బాధ ఇంకెవరూ పడకూడదని రాస్తున్నాను.

పిన్ని డాక్టర్ రాసిన ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర చాలాకాలంగా వేసుకుంటోంది. నడుం నొప్పికి మాత్ర కావాలని అడిగితే షాపతను చీటీ అడగలేదు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అనీ అడగలేదు. స్ట్రిప్ కత్తిరించి కవర్లో వేసిచ్చాడు. ఆ ముక్క మీద ‘పారాసెటమాల్ 325’ ఒక్కటే కనబడుతోంది. దాంతోపాటు ఉన్న ట్రామడాల్ అనే ఘాటైన నొప్పి మందు పేరు కత్తిరింపులో పోయింది. జ్వరం మాత్రే కదా అని వేసుకుంది.

రాత్రికి ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, విరేచనాలు. కాసేపు కూడా కుదురుగా కూర్చోలేకపోయింది. ఎమర్జెన్సీలో డాక్టర్ ఆమె పాదాన్ని ఒక్కసారి పైకి నొక్కి పట్టుకుంటే, అది దానంతటదే టకటకా కొట్టుకుంటూనే ఉంది. వాడుతున్న మందులన్నీ అడిగారు. తమ్ముడు షాపుకెళ్లి మిగతా స్ట్రిప్ ఫోటో పంపాకే విషయం తేలింది: సెరటోనిన్ సిండ్రోమ్. సెరటోనిన్ అంటే మెదడులో, నరాల్లో కబుర్లు మోసే ఒక రసాయనం. డిప్రెషన్ మాత్రా, ట్రామడాల్ రెండూ దాని ప్రభావాన్ని పెంచేవే. రెండూ కలిస్తే అది మోతాదు మించుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. టైముకి తీసుకెళ్లాం కాబట్టి పిన్ని కోలుకుంది.

ట్రామడాల్‌ని 2018లోనే మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అలాంటిదాన్ని చీటీ లేకుండా చేతిలో పెట్టడం ఘోరం.

ట్రామడాల్ ఒక్కటే కాదండీ. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్‌లు, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, మైగ్రేన్‌కి ఇచ్చే సుమాట్రిప్టాన్ విషయంలోనూ డాక్టర్ని అడగాల్సిందే. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా వేసుకుంటే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. పెద్దవయసువాళ్లకీ, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకీ ఇంకా ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర అయితే మానేసినా కొన్ని వారాలు ఒంట్లో ఉంటుంది, కాబట్టి ఈమధ్యే మానేశామన్నా డాక్టర్‌కి చెప్పండి.

ఇది చదివి భయపడి డిప్రెషన్ మాత్రలు మాత్రం సొంతంగా ఆపేయకండి, ఉన్నట్టుండి ఆపితే అదో ఇబ్బంది. మందు పేరు పూర్తిగా కనిపించేలా స్ట్రిప్ అడగండి, బిల్లు తీసుకోండి. మీరు వాడే మాత్రల పేర్లు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుని షాపులోనూ, ఎముకల డాక్టర్‌కీ, పళ్ల డాక్టర్‌కీ కూడా చూపించండి. డిప్రెషన్ మాత్ర అని చెప్పడానికి మొహమాటపడొద్దు. కొత్త మందు వేసుకున్నాక చెమట, వణుకు, దడ మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి, రెండు స్ట్రిప్‌లూ వెంట తీసుకెళ్లండి.