హాస్టల్లో ఉన్న పిల్లల మనసులో మాట తెలుసుకోవడానికి ఏది మేలు?

ఇంటర్మీడియట్ కోసం హాస్టల్లో చేరిన పిల్లల తీరులో తేడా కనిపించినప్పుడు తల్లిదండ్రులకు మూడు దారులు ఉంటాయి: ఫోనులో అడగడం, ఔటింగ్ రోజున వెళ్లి కలవడం, వార్డెను చేతనో లెక్చరరు చేతనో అడిగించడం.

సొంత ఫోన్లు అనుమతించని హాస్టళ్లలో, వెనుక తోటివారు తమ వంతు కోసం నిలబడి ఉండగా, వార్డెను వింటుండగా మాట్లాడాల్సి వస్తుంది కనుక, ఎంత ప్రేమగా అడిగినా "బాగానే ఉన్నానమ్మా" తప్ప మరో జవాబు రావడం కష్టం. అయితే గొంతులోని నీరసాన్ని ముందుగా పట్టిచ్చేది ఫోనే. అందులో గుచ్చిగుచ్చి అడగడం కన్నా, "ఆదివారం వస్తున్నాను, మార్కుల కోసం కాదు, నిన్ను చూడాలనిపించి" అని చెప్పి ఊరుకోవడం మంచిది.

వార్డెనూ లెక్చరర్లూ రోజూ చూసేవారు కాబట్టి మెస్సులో తింటున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా అన్నది వారికే బాగా తెలుస్తుంది. కానీ ర్యాంకులు చదివి వినిపించే మనిషి దగ్గర ఏ పిల్లవాడూ మనసు విప్పడు. వారి నుంచి సమాచారం తీసుకోవాలే తప్ప సంభాషణను వారికి అప్పగించకూడదు.

నా మటుకు నేరుగా కలవడానికే మొగ్గు చూపుతాను, అదీ బంధువులందరినీ వెంటబెట్టుకుని కాక ఒక్కరే వెళ్లడానికి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే అది విచారణలా ఉంటుంది. పక్కపక్కన నడుస్తూనో టిఫిను తింటూనో అడిగితే మాట తేలిగ్గా వస్తుంది. "ఏమైంది నీకు?" అనే ప్రశ్నకన్నా "ఈ మధ్య సరిగా తినడం లేదట, నిద్ర పడుతోందా నాన్నా?" అని గమనించినదాన్నే చెప్పడం నయం. "నావల్ల కావడం లేదు" అన్న మాట బయటికి వచ్చాక ఏమంటామన్నదే అసలు పరీక్ష. "ఇంత ఫీజు కట్టాం, కొన్ని నెలలు ఓర్చుకో" అంటే ఆ నోరు మళ్లీ తెరుచుకోదు. మంచి మనసుతో అన్నా "అంతా సర్దుకుంటుందిలే" అన్న మాట కూడా అంతే పని చేస్తుంది. "ఎప్పటి నుంచి అలా అనిపిస్తోంది?" అని అడిగి, జవాబు ఆలస్యమైనా మధ్యలో సలహా దూర్చకుండా ఉండగలిగితే చాలు.

చావు ప్రస్తావన సూచనగా వచ్చినా దాటవేయడం కన్నా "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడమే మేలు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. అడిగినందువల్ల చాలామందికి గుండె బరువు తగ్గుతుంది.

ఆ తరువాత మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలీ మానస్‌కు ఫోను చేయాలా, వైద్యుడి దగ్గరికి వెళ్లాలా? కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం మానసిక వైద్యుణ్ణి కలవాలి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. చనిపోవాలనిపిస్తోందని చెబితే ఆ రెండు వారాలూ ఆగకూడదు: పిల్లవాణ్ణి ఆ రాత్రి హాస్టలుకు తిరిగి పంపకుండా, ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని మాత్రలనూ పురుగుమందునూ తాళం వేసిన చోట పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.