నానోవీఎన్ఏ-హెచ్4: కెమిస్ట్రీ వాళ్ల బల్ల మీద ఉండాల్సిన డబ్బా

ముందే చెప్పేస్తున్నా, ఇది పెద్ద వీఎన్ఏకి (వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్, అంటే యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎలా పనిచేస్తుందో కొలిచే పరికరం) బదులు కాదు. లక్షలు పోసి కొన్నది మీ ల్యాబ్‌లో ఉంటే జర్నల్‌కి పంపే కొలతలు దాని మీదే తీయండి. అయినా సరే, పది వేలకి అటూఇటూగా దొరికే ఈ చిన్న పరికరం ఒకటి కొని పెట్టుకోమంటాను. మాలాగా కాగితం మీదా గుడ్డ మీదా యాంటెన్నాలు ప్రింట్ చేసేవాళ్లయితే మరీనూ.

మా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లంతా ఈసీఈ వాళ్లు కారు. వెండి ఇంకు చేసే అమ్మాయిది కెమిస్ట్రీ, గుడ్డ సంగతి చూసే అబ్బాయిది టెక్స్‌టైల్స్. పెద్ద వీఎన్ఏ జోలికి వెళ్లాలంటే వీళ్లకి జంకు. స్లాట్ బుక్ చేసుకోవాలి, పక్కన టెక్నీషియన్ ఉండాలి, కనెక్టర్ పాడైతే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని టెన్షన్. దాంతో ఇంకు తాము చేసి, కొలత ఇంకొకరితో తీయించుకుని, గ్రాఫ్ తెచ్చి థీసిస్‌లో అతికించే పద్ధతి స్థిరపడిపోయింది. ఆ గ్రాఫ్ అక్కడెందుకు కిందకి దిగిందని ఎవరైనా అడిగితే నీళ్లు నమలడమే. ఇది వచ్చాక ఎవరి యాంటెన్నా వాళ్లే కొలుచుకుంటున్నారు. నా దృష్టిలో దీని అసలు విలువ అదే.

4 అంగుళాల టచ్ స్క్రీన్, లోపల బ్యాటరీ, యూఎస్‌బీ-సీ చార్జింగ్, క్యాలిబ్రేషన్‌కి (కొలిచే ముందు పరికరాన్ని సరిచూసుకోవడానికి) కావాల్సిన ఓపెన్, షార్ట్, లోడ్ ముక్కలు పెట్టెలోనే వస్తాయి. 1.5 గిగాహెర్ట్జ్ వరకు కొలుస్తుంది గానీ 300 మెగాహెర్ట్జ్ దాటాక హార్మోనిక్స్‌తో (అసలు సిగ్నల్‌కి కొన్ని రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే సిగ్నళ్లతో) నెట్టుకొస్తుంది, 900 పైన డైనమిక్ రేంజ్ (కొలవగలిగే పెద్ద, చిన్న సిగ్నళ్ల మధ్య తేడా) 40 డీబీ దగ్గరికి పడిపోతుంది. మన దేశంలో ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు (రేడియో తరంగాలతో చదివే గుర్తింపు చీటీలు) పనిచేసే 865 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి మాత్రం ఇది చాలు. వైఫై, బ్లూటూత్ పనైతే కొనకండి, 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే లైట్‌వీఎన్ఏ చూసుకోండి.

వానాకాలంలో దీని ఉపయోగం బాగా తెలిసింది. ఫొటో పేపర్ మీద ప్రింట్ చేసిన డైపోల్ (రెండు చేతుల సాదా యాంటెన్నా, 866 మెగాహెర్ట్జ్ దగ్గర అర తరంగం 17 సెంటీమీటర్ల చిల్లర) ఒక డబ్బాలో పెట్టి, పక్కన తడిగుడ్డ వేసి మూత పెడితే, స్క్రీన్ మీద గ్రాఫ్‌లోని లోయ (యాంటెన్నా పనిచేసే ఫ్రీక్వెన్సీ) మెల్లగా ఎడమకి జరగడం కెమిస్ట్రీ అమ్మాయి కూర్చుని చూసింది. కాగితం తేమ పీల్చుకుంటే పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు) పెరిగి ఫ్రీక్వెన్సీ తగ్గుతుందని నేను బోర్డు మీద చెప్పినప్పుడు తలూపి ఊరుకున్న మనిషి, ఆ సాయంత్రమే పైన వేయాల్సిన పూత గురించి వెతకడం మొదలుపెట్టింది.

ఇంకోటి, ట్యాగ్ యాంటెన్నా కొలిచేటప్పుడు రిటర్న్ లాస్ (పంపిన సిగ్నల్‌లో ఎంత వెనక్కి వస్తుందో చెప్పే లెక్క) బాగోలేదని పిల్లలు డీలా పడతారు. పరికరం 50 ఓమ్స్‌తో పోల్చి చూస్తుంది, కానీ చిప్ ఇంపీడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 50 ఓమ్స్ కాదు, కెపాసిటివ్‌గా ఉంటుంది, అందుకే యాంటెన్నాని కావాలనే ఇండక్టివ్‌గా చేస్తాం. స్మిత్ చార్ట్‌కి (ఇంపీడెన్స్‌ని చూపే గుండ్రటి గ్రాఫ్) మార్చి ఆర్ (రెసిస్టెన్స్), ఎక్స్ (రియాక్టెన్స్) విలువలు చూడమనండి.

లోపాలు లేవా అంటే బోలెడు. అక్షరాలు చిన్నవి. రెండు పోర్టులున్నా ఒక దిక్కుకే కొలుస్తుంది, వెనక నుంచి కావాలంటే కేబుళ్లు తిప్పి పెట్టుకోవాలి. నకిలీల బెడద కూడా ఉంది, మేం మొదట ఆర్డర్ పెట్టిన ఆన్‌లైన్ అమ్మకందారు లోపల షీల్డ్ (సిగ్నళ్లు కలగలవకుండా అడ్డుకునే లోహపు కవచం) లేనిది పంపాడు, వెనక్కి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కొన్నాక మూత విప్పి చూసుకోండి.

2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయితే లెక్కలోకి వచ్చిన రీసైక్లింగ్ 22.3 శాతమే. బ్యాటరీ లేని, పారేస్తే మట్టిలో కలిసే ట్యాగులంటూ పేపర్లు రాసే మాలాంటివాళ్ల బల్ల మీద, ఫర్మ్‌వేర్ ఓపెన్ సోర్స్‌గా ఉండి కనెక్టర్ విరిగితే మార్చుకోగలిగే పరికరం ఉండటం నాకైతే నచ్చింది. (వెండి ఇంకు ఎంతవరకు పర్యావరణహితం అన్నది వేరే గొడవ, అది మా మీటింగుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.)

కొంటే దీంతోపాటు మంచి ఎస్ఎంఏ కేబుళ్లు (మర బిగించే చిన్న కనెక్టర్లున్నవి), కేబుల్‌కి తొడిగే ఫెర్రైట్ పూసలు తీసుకోండి. పూసలు లేకపోతే కేబుల్ మీద చెయ్యి పెట్టగానే గ్రాఫ్ ఊగుతుంది. క్యాలిబ్రేషన్ కేబుల్ చివర చేయాలి, డబ్బా దగ్గర కాదు. బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిప్పమని కొత్తవాళ్లకి మొదటి రోజే చెప్పండి, యాంటెన్నా మొత్తాన్ని తిప్పితే లోపలి పిన్ను అరిగిపోతుంది. కాగితం మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టనివ్వకండి, కండక్టివ్ ఎపాక్సీ (కరెంటు పారే జిగురు) తెప్పించండి.